తోడు లేని ఐదు పైసలు

దుర్గమ్మను సాయంత్రం ఐదింటికి కోర్టులో హాజరుపరుస్తామని ఇన్‌స్పెక్టర్ చెప్పి రెండు గంటలైంది. ఇప్పుడు ఒంటి గంటా ఇరవై నిమిషాలు. స్వర్ణలత చేతి గడియారం ఒకసారి చూసుకుని, నాచారంలో అచ్యుతరావు ఇంటి ముందు గదిలో ఇనుప బీరువా ఎదుట గొంతుక్కూర్చుంది.

తాళం రంధ్రం చుట్టూ టార్చి వేసి చూసింది. గీత లేదు, గాటు లేదు. తీగతో కెలికిన జాడ అంతకన్నా లేదు.

"తాళంచెవితోనే తెరిచారు," అంది.

"అది అందరికీ తెలిసిందే కదమ్మా," అంది వెనక కుర్చీలోంచి శాంతాబాయి. అచ్యుతరావు చెల్లెలు ఆమె. అరవై ఎనిమిదేళ్లుంటాయి. అన్న పోయిన గురువారం నుంచి ఈ మంగళవారం దాకా ఆమె సరిగ్గా పడుకున్న దాఖలా లేదు.

స్వర్ణలత పదేళ్లు ఒక బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, రెండేళ్ల కిందట ఉప్పల్ చౌరస్తాలో జిరాక్స్ షాపు పైన సొంత డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. కాగితం మీద అన్నీ చక్కగా సరిపోయే కేసులంటేనే ఆమెకు భయం. దుర్గమ్మ కేసు అలాగే సరిపోయింది. దుర్గమ్మ ఆ ఇంట్లో ఐదేళ్లుగా పనిమనిషి. పొద్దున ఆమె మొగుడు హన్మయ్య, ఫ్యాక్టరీలో వాచ్‌మన్, డ్యూటీ బట్టలతోనే స్వర్ణలత ఆఫీసుకు వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"మేడం, మా ఆడిది ఆ ఇంట్ల చెంచా గూడ ముట్టలే. సారు గురక పెడ్తుండె, బతికే ఉండె అని మొత్తుకుంటున్నది. ఒక్కడన్న ఇంటలేడు. ఆయన దోస్తు, సదువుకున్న సారు, అప్పటికే సచ్చిపోయిండని చెప్పినంక పనిమనిషి మాటెవలింటరు?"

ఆ 'గురక' అన్న మాట స్వర్ణలత చెవిలో ఇంకా అలాగే ఉంది.

బీరువా పై అరలోంచి నల్ల అట్ట ఆల్బమ్ తీసింది. అచ్యుతరావు సర్కారీ ప్రయోగశాలలో లోహాల శాస్త్రవేత్తగా చేసి రిటైరైనవాడు. పెళ్లి చేసుకోలేదు, పేకాడలేదు, పొడుం కూడా పీల్చలేదు. నలభై ఏళ్లుగా ఆయనకున్న పిచ్చి ఒక్కటే, ఐదు పైసల బిళ్ళలు. అందరూ మొహరీలకీ నిజాం రూపాయలకీ ఎగబడితే, ఈయన బస్సు కండక్టర్ల దగ్గరా పాన్ డబ్బాల దగ్గరా ఐదు పైసలు ఏరుకున్నాడు. ఎల్లుండి నుంచి ఐదు పైసలూ, పావలా కూడా చెల్లవని సర్కారు నెలల కిందటే చాటింపు వేసింది. ఆయన మాత్రం ఆ వార్త చదివి, "ఇప్పుడు వీటికి అసలు విలువ వస్తుంది" అని చెల్లెలితో నవ్వాడట.

ప్లాస్టిక్ జేబుల్లో ఏడాది వరసన బిళ్ళలు. ప్రతి బిళ్ళ కింద ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ. పద్నాలుగో పేజీలో నడిమి జేబు ఖాళీ. చీటీ మాత్రం ఉంది: 'ఐదు నయే పైసే. 1961. కంచు. దీనికి తోడు లేదు.'

ఆ ఏడాది ఐదు పైసలన్నీ తెల్లటి లోహంతో, మూలలు గుండ్రంగా తిరిగిన చదరపు బిళ్ళలుగా వచ్చాయి. ఈ ఒక్కటి పొరపాటున కంచు రేకు మీద అచ్చుపడి ఎర్రగా పుట్టింది. దాని మీద రాసిన విలువ ఐదు పైసలు. అచ్యుతరావు స్నేహితుడూ, నాణేలకు వెల కట్టడంలో దిట్ట అని పేరున్నవాడూ అయిన జనార్ధనరావు జనవరిలో దానికి కట్టిన విలువ ఎనిమిది లక్షలు.

స్వర్ణలత ఖాళీ జేబు పక్క బిళ్ళ మీద వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకు తల్లీ," అంది శాంతాబాయి అలవాటుగా. తర్వాత ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకెవరున్నారు తిట్టడానికి? ముట్టుకో. ఒకసారి దీపావళికి ఇంట్లో ఇత్తడంతా తోముతూ, పాపం నల్లబడ్డాయి కదా అని అన్నయ్య బిళ్ళలు నాలుగు చింతపండుతో తోమాను. తళతళలాడాయి. తెచ్చి చూపిస్తే అచ్యుతన్న రెండు రోజులు అన్నం తినలేదు. తోమిన నాణేనికి పైసా విలువ ఉండదట. అప్పుడు జనార్ధనరావు ఇక్కడే ఉన్నాడు. అన్నయ్యకన్నా ఆయనే ఎక్కువ గోల చేశాడు, నేనేదో పసిపిల్లను చంపినట్టు."

"బీరువా తాళంచెవి ఎక్కడుండేది?"

"జంధ్యానికి కట్టుకునేవాడు. స్నానానికి కూడా తీసేవాడు కాదు. ఒక్కటే చెవి."

"గురువారం మీరెక్కడున్నారు?"

"లాలాపేటలో, మా అమ్మాయి ఇంట్లో. దుర్గమ్మ ఆటోలో వచ్చి ఏడుస్తూ చెప్పింది. నేనిక్కడికి వచ్చేసరికి పొద్దున ఏడూ ఇరవై. గోడ గడియారం చూశాను, ఘడియ చెప్పాలి కదా పురోహితుడికి. వాణ్ని కింద పడుకోబెట్టి దుప్పటి కప్పి ఉంచాడు జనార్ధనరావు. మీద పడి ఏడ్చాను. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది."

స్వర్ణలత పెన్ను ఆగింది. "వెచ్చగానా?"

"వెచ్చగానే. తాళంచెవి గుచ్చుకుంటే విప్పి నా కొంగుకు కట్టుకున్నాను. అప్పుడే చూశాను, జంధ్యం తెగి ఉంది. తెగినదాన్ని ముడేసి ఉంది. అదేమి చోద్యమో. తెగితే వెంటనే కొత్తది వేసుకుంటారు కానీ ముడేసుకోరు. వాడైతే అసలు వేసుకోడు."

స్వర్ణలత ఆ రెండు సంగతులూ రాసుకుని కింద గీత గీసింది. ఏడూ ఇరవై తర్వాత తాళంచెవి శాంతాబాయి కొంగున ఉంది. కాబట్టి బీరువా తెరిచింది అంతకు ముందే. దుర్గమ్మ ఆరున్నరకు వచ్చింది. ఆరూ నలభై ఐదుకు రెండు వీధుల అవతలున్న జనార్ధనరావును పిలుచుకొచ్చింది. ఆయన వెంటనే ఆమెను లాలాపేటకు పంపాడు. పోలీసుల లెక్కలో దొంగతనం జరిగింది ఆ మొదటి పావుగంటలో.

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది.

"బీరువా లోపలకి కూడా దూరారా మేడం? ఏమైనా దొరికిందా, బొద్దింకలు కాకుండా?"

ఉమామహేశ్వర్. ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు నాచారం మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డున్న సెక్యూరిటీ ఏజెన్సీ యజమాని. ఉద్యోగం వదిలినా మీసం వదల్లేదు. మే నెలలో స్వర్ణలత చేతిలోని కేసును 'ఆడమనిషి ఏం తిరుగుతుందండీ' అన్న ఒక్క మాటతో ఎగరేసుకుపోయిన ఘనుడు. గురువారం ఈ ఇంట్లో సోదా చేసింది ఆయనే. శాంతాబాయి కొడుకు రిషి ఫోన్ చేసి పిలిచాడు.

"సోదా సంగతి మీ నోటితో వినాలనుకుంటున్నా సార్," అంది స్వర్ణలత లేచి నిలబడి.

"వినండి. నేర్చుకోవచ్చు." ఆయన వేళ్లు మడిచాడు. "తొమ్మిదిన్నరకి రిషి కాగితాల కోసం బీరువా తెరిచి చూశాడు, బిళ్ళ లేదు. నేను పక్క వీధిలోనే ఉన్నాను, ఐదు నిమిషాల్లో గేటు మూయించాను. లోపల పదకొండు మంది. మగవాళ్ల జేబులు, చెప్పులు, కళ్లజోడు పెట్టెలు అన్నీ నేను చూశాను. ఆడవాళ్లని మా లేడీ గార్డు చూసింది. జనార్ధనరావు గారి పంచె మడత కూడా విప్పించాను, ఆయన ఏమీ అనుకోలేదు, పెద్దమనిషి. దుర్గమ్మ కొంగులో ఐదు పైసలు రెండు దొరికాయి."

"అవి అల్యూమినియంవి. ఆల్బమ్‌కు పనికిరావని అన్నయ్యే ఇచ్చాడు, దాని మనవరాలు ఆడుకుంటుందని," అంది శాంతాబాయి.

"అలవాటు అక్కడే మొదలవుతుందమ్మా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. తొమ్మిదీ ముప్ఫై ఐదుకే దుర్గమ్మను వంటింట్లో కూర్చోబెట్టి గార్డును కాపలా పెట్టాను. శవం లేచేదాకా, పదకొండుంబావు వరకు, మంచినీళ్లకు కూడా కదలనివ్వలేదు."

"ఒక్క నిమిషం కూడా?"

"ఒక్క నిమిషం కూడా. గేటు దాటి చీమ పోలేదు నా సోదా లేకుండా."

"అయితే బిళ్ళ ఇంట్లోనే ఉండాలి కదా సార్."

"ముందే దాటించేసి ఉంటుంది. లాలాపేట వెళ్లొచ్చిందిగా."

అదీ సబబుగానే ఉంది.  స్వర్ణలత శాంతాబాయి వైపు తిరిగి, "ఆ రోజు ఎవరైనా ఫోటోలు తీశారా?" అని అడిగింది.

"రిషి తీశాడు. పుణేలో మావాళ్లు రాలేకపోయారు, వాళ్లకు పంపడానికి. ఆ కెమెరా చిప్పు ఇక్కడే ఉంది."

ఉమామహేశ్వర్ నవ్వాడు. "చావు ఫోటోలా? చూడండి చూడండి. ఐదింటికి కోర్టు దగ్గర కలుద్దాం."

*

రెండూ ఇరవైకి ఆమె జనార్ధనరావు ఇంట్లో ఉంది. లెక్చరరుగా రిటైరైన మనిషి, అరవై రెండేళ్లు, తెల్లటి పంచె, బంగారు అంచు కళ్లద్దాలు. మెడలో నల్లదారానికి వేలాడే చిన్న భూతద్దం, కొందరి మెడలో రుద్రాక్ష ఉన్నట్టు.

"అచ్యుతన్న నాకు సొంత అన్నసొంటోడమ్మా," అన్నాడు. "ఆదివారం ఆదివారం గీ బల్ల మీదనే ఇద్దరం బిళ్ళలు పరుసుకొని కూసునేటోళ్లం. ముప్పై ఏండ్ల దోస్తానా."

"ఆ కంచు బిళ్ళ మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"జనవరిల. వెల కట్టినప్పుడు. మళ్ల సూడలే."

"అమ్మమని అడిగారా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అడుగుడేంది, బతిమాలిన. ఇయ్యనన్నడు. తను సచ్చినంక దాన్ని మ్యూజియానికి రాసిస్తనన్నడు. ఆయన బిళ్ళ, ఆయన ఇష్టం."

"గురువారం దుర్గమ్మ పిలిస్తే వెళ్లారు. అప్పటికి ఆయన ఎట్లున్నారు?"

"ఏముంటడు? కుర్సీలనే పాణం పోయింది. నేను పొయ్యేసరికే ఒళ్లు సల్లబడ్డది. ఎనిమిదింటికి డాక్టరొచ్చి గుండె ఆగిందని రాసిచ్చిండు."

వెచ్చగా ఉందని చెల్లెలు అంది. ముప్ఫై అయిదు నిమిషాల ముందే చల్లబడిందని స్నేహితుడు అంటున్నాడు. స్వర్ణలత ముఖంలో ఏమీ కనబడనీయకుండా, బల్ల మీద పళ్లెంలోని పాత బిళ్ళ ఒకటి తీసుకుని, పరధ్యానంగా చీర చెంగుతో రుద్దబోయింది.

"రుద్దొద్దు!" ఆయన లేచి నిలబడ్డాడు. చెయ్యి ముందుకు చాచి, మళ్లీ వెనక్కు తీసుకుని, సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "ఏమనుకోకమ్మా. బిళ్ళను తోమితే సంపినట్టే. మీద ఉన్న నలుపే దాని వయసు. అది పోతే రేటంత పోతది."

ఆమె బిళ్ళను జాగ్రత్తగా అంచులు పట్టుకుని పళ్లెంలో పెట్టింది.

*

ఉప్పల్‌లో ఫోటో స్టూడియో. రెండూ యాభై. స్టూడియో మహిపాల్ కంప్యూటర్‌లో చిప్పు పెట్టి, "మస్తు ఫోటోలున్నయక్కా, ఏది గావాలె?" అన్నాడు.

"టైము వరసన పెట్టు."

తొమ్మిదీ ఇరవై రెండు. అచ్యుతరావు ముఖం, నుదుట విభూతి, అంతే. తొమ్మిదీ నలభై. కొత్త ధోవతి కప్పారు, నుదురు అలాగే ఉంది. పదీ పది. పూలదండలు. నుదుట విభూతి మీద పసుపు ముద్ద, దాని మీద కుంకుమ, ఆ మధ్యలో ఒక బిళ్ళ.

స్వర్ణలత ముందుకు వంగింది. ఇందులో వింతేమీ లేదు. ఆమె నాన్నకూ పెట్టారు రూపాయి బిళ్ళ. ఆమెకు తెలిసిన చావుల్లో నుదుట పైసా లేకుండా లేచిన శవం లేదు. చావింట్లో నుదుటి బిళ్ళను పరీక్షించి చూసేదెవరు?

"అది పెద్దగ చెయ్యి."

మహిపాల్ పెద్దది చేశాడు. పసుపు కింద అంచు కనబడింది. ఆ అంచు నిటారుగా పోయి, మూల దగ్గర గుండ్రంగా తిరిగింది.

"రూపాయి కాదక్కా ఇది," అన్నాడు మహిపాల్. "పలకోలె ఉన్నది."

 స్వర్ణలత వెంటనే శాంతాబాయికి ఫోన్ చేసింది.

"అమ్మా, అన్నయ్య నుదుట బిళ్ళ ఎవరు పెట్టారు?"

"దుర్గమ్మ అయ్యుంటుంది. వాళ్లలో పెడతారుగా. మా ఇంట్లో ఆ ఆచారం లేదు. అభిమానంతో పెట్టుకుందిలే అని నేనేమీ అనలేదు."

దుర్గమ్మ వంటింట్లో కాపలా మధ్య ఉంది. తొమ్మిదీ ముప్ఫై ఐదు నుంచి పదకొండుంబావు దాకా, మంచినీళ్లకు కూడా కదలకుండా. చెప్పినవాడు సాక్షాత్తూ ఉమామహేశ్వర్. స్వర్ణలత ఆయన నంబరు నొక్కింది.

"సార్, మీ సోదా లేకుండా గేటు దాటి చీమ కూడా పోలేదన్నారు కదా. ఒక్కరు పోయారు."

"ఎవరు?"

"అచ్యుతరావు గారు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"గేటు పడేసరికి బిళ్ళ దొంగ జేబులో ఉంది," అంది ఆమె. "మీరు ఒక్కొక్కరినీ పిలుస్తుంటే, వాడు శవం నుదుట అద్ది పైన పసుపు పూశాడు. దుర్గమ్మే దొంగైతే ఆ బిళ్ళ లాలాపేటలోనే ఉండిపోయేది, తిరిగి ఇంట్లోకి ఎందుకొస్తుంది? పైగా పదీ పదికి ఆమె మీ కాపలాలో ఉంది. ఇంటి దొంగ సంగతి నాకు తెలియదు కానీ, ఇంటి ఆచారం తెలియని దొంగ అని మాత్రం చెప్పగలను. నాలుగింటికి నాచారం శ్మశానానికి రండి. మీ మాట స్టేషన్‌లో చెల్లుతుంది, నాది చెల్లదు."

ఉమామహేశ్వర్ ఫోన్ పెట్టేశాడు.

*

మూడూ ముప్ఫై ఐదు. కాటికాపరి కనకరాజు కట్టెల షెడ్డు ముందు బీడీ ఆర్పి లేచాడు. యాభై దాటిన ఎముకల మనిషి.

"గురువారం పెద్ద సారా? యాదున్నది," అన్నాడు. "నుదుటి పైస గురించేనా?"

స్వర్ణలత ఇంకా ఏమీ అడగనే లేదు. "నీకెట్ల తెలుసు?"

"ఇంకో సారు గూడ గదే అడుగుతుండు గద! నుదుటి పైస మాదమ్మ. మా తాతల కాలం సంది కట్టెల మీద పెట్టంగనే మేమే తీస్కుంటం. ఆ దినం నేను తీసిన్నో లేదో, ఒక సారు చెయ్యి సాపిండు. దోస్తు గుర్తు, నాకియ్యి అన్నడు. సచ్చినోని నుదుటి పైస ఎవలన్న ఇంటికి కొండవోతరా? ముట్టనే ముట్టరు. నాకు మండింది."

"ఇచ్చినవా?"

కనకరాజు మొదటిసారి నవ్వాడు. "ఇచ్చిన. అసలుది గాదు. గీ ఐదు పైసలు ఎల్లుండి సంది చెల్లయి గద, నెలరోజుల సంది జనం సచ్చినోళ్లకు గవే పెడ్తున్రు. పోయేటోనికి గూడ చెల్లని పైసలే. నా డబ్బ నిండ గవే ఉన్నయి. గుప్పిట్ల తెల్లది ఒకటి మార్చి సారు చేతుల పెట్టిన. నలుగురు సూస్తున్నరని, అదేందో సూడకుంటనే జేబుల ఏస్కున్నడు. మర్నాడొచ్చిండు, ఆదివారం వచ్చిండు. ఐదు పైసలకు ఐదు వేలిస్తడంట. ఇయ్యాల నాలుగున్నరకు మళ్ల వస్తనన్నడు."

"ఎట్లుంటడు ఆ సారు?"

"మెడల నల్లదారం. దానికి అద్దం."

స్వర్ణలత ఒక అడుగు ముందుకు వేసింది. "బిళ్ళ ఉన్నదా? తోమినవా దాన్ని?"

"నుదుటి పైస కడుగరాదమ్మ." అతను నడుము దగ్గర ముడి విప్పి, తంబాకు పొట్లం కాగితంలో చుట్టిన బిళ్ళను తీశాడు. ఒక అంచున ఇంకా పసుపు అంటుకుని ఉంది. ముదురు ఎరుపు, మధ్యలో ఐదు అంకె, 1961. "గంత పిరమైనదంటే నాది గాదని తెలిసింది. కని ఇంటోళ్లకు తీస్కపోయి ఇస్తే, దొంగతనం నా మీదికే వస్తది. నా మాట ఎవలింటరు?"

దుర్గమ్మ మాట ఎవరూ వినలేదు. ఈ మనిషి ఆ సంగతి చూడకుండానే తెలుసుకున్నాడు. స్వర్ణలతకు ఒక్కసారి కోపం ముంచుకొచ్చింది. దాన్ని దిగమింగి, బిళ్ళను అంచులు పట్టుకుని తన పర్సులో భద్రపరిచింది.

"కనకరాజన్నా, జర ఒక పని చేస్తవా? ఇంట్ల చింతపండు ఉన్నదా?"

నాలుగూ ఐదుకు ఉమామహేశ్వర్ వచ్చాడు. ఆమె చెప్పింది విన్నాడు, పర్సులోని బిళ్ళ చూశాడు. ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు. "చేతిలో బిళ్ళ ఉంది, పట్టుకుపోతే సరిపోదా?" అన్నాడు.

"కాటికాపరి జేబులో దొరికిన బిళ్ళ అంటారు సార్. దుర్గమ్మ పక్కన ఇంకో సెల్లులో ఇతన్ని కూర్చోబెడతారు."

ఆయన కాదనలేకపోయాడు. ఇద్దరూ కట్టెల వెనక నిలబడ్డారు. నాలుగూ ఇరవై. ఇరవై ఐదు. కోర్టుకు తీసుకెళ్లే జీపు నాలుగూ ముప్పావుకు బయలుదేరుతుంది. స్వర్ణలత మళ్లీ గడియారం చూసుకుంది.

నాలుగూ ముప్ఫై ఒకటికి గేటు కిర్రుమంది. జనార్ధనరావు గొడుగు ఊతంగా వచ్చాడు. పంపు దగ్గర కనకరాజు గొంతుక్కూర్చుని, చెయ్యంతా చింతపండు గుజ్జుతో, గుప్పిట్లో దేన్నో పరపరా తోముతున్నాడు. పులుపు నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి.

"ఏం జేస్తున్నవ్?" జనార్ధనరావు గొంతు సన్నగా వచ్చింది.

"మీ పైసనే సారూ. ఐదు వేలిస్తున్రు గద, మురికితోని ఇస్తే బాగుండదని, మెరిసేటట్టు తోముతున్న."

గొడుగు కింద పడింది.

"వద్దురా! ఆపు! తోమకురా, నీ కాల్మొక్కుత తోమకు!" ఆయన బురదలో మోకాళ్ల మీద పడి కనకరాజు చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. "ఎనిమిది లక్షల బిళ్ళరా అది! అసొంటిది ఇంకోటి లేదు! ఎంత పాణం మీదికి తెచ్చుకొని తీసిన్నో నీకెర్కనా? పాడు జేసినవ్, సర్వనాశనం జేసినవ్!"

కనకరాజు నెమ్మదిగా గుప్పిట విప్పాడు. తళతళలాడుతూ గుండ్రటి రూపాయి బిళ్ళ.

"ఇది నాదే సారూ," అన్నాడు. "మీదేనా?"

కట్టెల వెనక నుంచి ఉమామహేశ్వర్ బయటికి వచ్చాడు. జనార్ధనరావు ఆయన్ని చూశాడు, ఆయన వెనక స్వర్ణలతను చూశాడు. తేలు కుట్టిన దొంగలా రెండు చేతులూ వెనక్కు లాక్కున్నాడు. ఉమామహేశ్వర్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, జీపు ఆపండి. నేనే మాట్లాడుతున్నా. దుర్గమ్మ కాదు. అవును, నాదే పొరపాటు." ఆ ఆఖరి మాట పలకడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

స్వర్ణలత జనార్ధనరావు ఎదుట కూర్చుంది. దుర్గమ్మ బయటపడింది, ఊపిరి పీల్చుకోవాలి. కానీ పొద్దుటి నుంచి చెవిలో ఉన్న మాట ఆమెను వదలడం లేదు.

"ఇంకొక్కటి చెప్పండి. మీరు వెళ్లేసరికి ఒళ్లు చల్లబడిందన్నారు. ఏడూ ఇరవైకి వాళ్ల చెల్లెలు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఆరున్నరకు గురక పెడుతున్నారని దుర్గమ్మ చెప్పింది. మీరు డాక్టర్ని పిలవలేదు, అంబులెన్సును పిలవలేదు. దుర్గమ్మను దూరం పంపించారు. తాళంచెవి ముడి విప్పితే వచ్చేదానికి, జంధ్యం ఎందుకు తెగింది?"

ఆయన బురద చేతులతో భూతద్దాన్ని పట్టుకున్నాడు. 

"సచ్చిపోయిండనే అనుకున్న," అన్నాడు. "ఒట్టు. గురక ఆగింది. కండ్లు మూసుకొనే ఉన్నడు. తాళంచెవి మీద చెయ్యేసిన."

"వేస్తే?"

"నా మణికట్టు పట్టుకున్నడమ్మా. గట్టిగ పట్టుకున్నడు. ఇడువలే. నేను గుంజిన, జంధ్యం తెగింది." ఆయన తన మణికట్టు వైపు చూసుకున్నాడు. "బిళ్ళ తీసినంక తాళంచెవిని మళ్ల జంధ్యంల ఏసి ముడేసిన. మళ్ల పక్కకు కూసున్న. పాణం ఇడిసేదాంక కూసున్న."

కనకరాజు లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. పంపు నీళ్లు ఇంకా పోతూనే ఉన్నాయి, ఎవరూ కట్టలేదు. ఉమామహేశ్వర్ చేతిలోని ఫోన్‌లోంచి ఇన్‌స్పెక్టర్ గొంతు సన్నగా వినపడుతోంది: "హలో? సార్? అంటే దొంగతనం కేసు ఎవరి మీద రాసుకోమంటారు?"

 స్వర్ణలత ఫోన్ అందుకుంది.

"దుర్గమ్మను ఇంటికి పంపండి సార్. ఆమె మొదటి రోజు చెప్పిన మాట, సారు గురక పెడుతున్నారన్న మాట, ఎక్కడైనా రాసి పెట్టారేమో వెతకండి. దొంగతనం కేసు కాదిది."